ముసలోళ్ల పోస్టింగ్, టీ కొట్టు మంచం

నాకు ముక్కు మీద కోపమని నా దగ్గర చదువుకున్న ఏ పిల్లనడిగినా చెబుతుంది. అబద్ధమేమీ కాదు. సూది సరిగ్గా పట్టుకోకపోతే రెండోసారి చూపించేదాన్ని గానీ, పేషెంటును "ఏయ్ ముసలామే" అని పిలిచారంటే మాత్రం వరండా చివరిదాకా వినబడేలా అరిచేదాన్ని. ఇప్పుడు రిటైరై ఖమ్మం పక్కనే ఖానాపురం హవేలిలో ఒక వాటాలో ఉంటున్నాను. అరవడానికి కూరగాయల బండివాడు తప్ప ఎవరూ దొరకడం లేదు, వాడూ ఈ మధ్య నవ్వి ఊరుకుంటున్నాడు. అందుకే ఈ కాగితాల మీద పడ్డాను. నర్సింగ్ చదువుతున్న పిల్లలూ, ఇది మీకోసమే. మందుల డోసులు మీకు నాకంటే బాగా తెలుసు, ఆ జోలికి వెళ్లను. ఒక మంచం సంగతి చెబుతాను.

నేను ఖమ్మంలో నర్సింగ్ ట్యూటర్‌గా ఉన్న రోజుల్లో మా పుస్తకంలో వయసు మళ్లినవాళ్ల సేవ గురించి చివర్లో కొన్ని పేజీలు ఉండేవి. పరీక్షల ముందు గబగబా చెప్పి, వచ్చే ప్రశ్నలకు గుర్తు పెట్టించి, పుస్తకం మూసేసేవాళ్లం. తీరా వార్డుకు వెళితే ఎటు చూసినా వాళ్లే. పొగాకు దగ్గులవాళ్లు, మోకాళ్లు పట్టేసినవాళ్లు, కన్ను ఆపరేషన్‌కు వచ్చి గోడ పట్టుకుని నడిచేవాళ్లు. మా పిల్లలు ఆపరేషన్ థియేటర్ అంటే ఎగిరి గంతేసేవారు, వీళ్ల దగ్గరికి మాత్రం బీపీ చూడమన్నప్పుడే వెళ్లేవారు. నాకు ఒళ్లు మండేది.

మా ప్రిన్సిపాల్ నాకంటే చిన్నది, చాలా నెమ్మదైన మనిషి. ఆవిడ వెంట చెవిలో జోరీగలా పడ్డాను. రెండో సంవత్సరం పిల్లలను ఒకటిరెండు వారాలు పూర్తిగా పెద్దవాళ్ల దగ్గరే పెడదాం, వేరే పనేమీ వద్దు, ఆ పోస్టింగ్‌ను ఏటా టైమ్ టేబుల్లో ఉంచుదాం అన్నాను.

"పిల్లల అమ్మానాన్నలు ఊరుకుంటరా మేడం? ఫీజు కట్టింది గిందుకా అంటరు" అంది ఆవిడ.

"అంటే నా దగ్గరికి పంపండి."

"మీ దగ్గరికి పంపితే ఇంకింత గొడవైతది" అని నవ్వింది. చివరికి ఒక బ్యాచ్‌తో చూద్దామని ఒప్పుకుంది. షరతు మాత్రం ఖరాఖండిగా చెప్పింది. ఏ తల్లో తండ్రో కాలేజీకి వచ్చి గొడవ చేశారంటే పోస్టింగ్ అక్కడితో బంద్. మళ్లీ ఆ మాట ఎత్తకూడదు.

వార్డుకు వెళ్లేముందు పిల్లలకు ముసలితనం రుచి చూపించాలనుకున్నాను. కాలేజీ ల్యాబ్‌లో సగం మందిని ముసలివాళ్లను చేశాం. చెవుల్లో దూది. పాత కళ్లజోళ్ల అద్దాలకు వాజెలిన్. మోకాళ్లు వంగకుండా క్రేప్ బ్యాండేజ్ చుట్టి, మేజోళ్లలో కందిపప్పు పోసి నడవమన్నాం. పప్పు హాస్టల్ వంటింట్లోంచి తెచ్చాం. ఆ పూట చారులాంటి పప్పు తిన్న వార్డెన్ నాతో చాలా రోజులు మాట్లాడలేదు. మిగిలిన సగం మంది నర్సులు. వాళ్లకు మాత్రం చెవిలో ఒక మాట చెప్పి ఉంచాను. బాత్రూంకు తీసుకెళ్లమని ముసలివాళ్లు పిలిస్తే "వస్తున్నా, ఒక్క నిమిషం" అనాలి, కాస్త ఆలస్యంగా వెళ్లాలి. వార్డుల్లో రోజూ మనం చేసేది అదే కదా.

ఆ రోజు నా మీద విరుచుకుపడింది తల్లాడ వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల. మిర్చి తోటలున్న ఇంట్లో పుట్టిన ఆడపిల్ల, నోరూ అదే ఘాటు. క్లాసులో మొదటి వరసలో కూర్చునేది, ఐసీయూలో ఉద్యోగం తప్ప ఇంకేదీ వద్దనేది. ఆ పిల్లను ఎత్తు మంచం మీద కూర్చోబెట్టి మోకాళ్లు కట్టేశాను. ఒక్కసారి బాత్రూంకు వెళ్లి రావడానికి నర్సు వేషంలో ఉన్న స్నేహితురాలిని బతిమాలీ బతిమాలీ తల ప్రాణం తోకకొచ్చింది దానికి. తర్వాత చాయ్ వస్తే ముట్టుకోలేదు. నీళ్లూ వద్దంది. సాయంత్రం కట్లు విప్పేసరికి తలనొప్పితో ముఖం గంటు పెట్టుకుని ఉంది.

"చాయ్ ఎందుకు తాగలేదే?" అనడిగాను.

"తాగితే మల్ల బాత్రూంకు పోవాలె గదా మేడం! మల్ల దాన్ని బతిమాలుకోవాలె. అసలు మీరు మనిషేనా?"

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వేశాను. ఆ మాట ఎంత పనికొస్తుందో అప్పటికి మా ఇద్దరికీ తెలియదు.

పోస్టింగ్ పెట్టింది ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే దారిలో, అడవి మొదలయ్యే చోటున్న ఒక దవాఖానాలో. పిల్లలకూ నాకూ అక్కడే పాత క్వార్టర్లలో బస. లోపలి గూడేల నుంచి ఆటోల్లో వచ్చే పెద్దవాళ్లతో వార్డు నిండుగా ఉండేది. సగం మందికి తెలుగు కొద్దికొద్దిగానే వచ్చు. వార్డు ఇన్‌చార్జి సిస్టర్ గట్టి మనిషి. మంచాలన్నీ తాడు పట్టి సరిచేసినట్టు ఒకే వరసలో ఉండాలి, దుప్పటి మీద ఒక్క ముడత కనబడకూడదు. ఆ మధ్యే కొత్త ఇనుప మంచాలు వచ్చాయని వాటిని చూసుకుని తెగ మురిసిపోయేది. నిజంగానే మంచి మంచాలు. సెలైన్ పెట్టేటప్పుడు మాకెవరికీ నడుం వంచే పని లేదు. ఎక్కిదిగడానికి మెట్టు స్టూలు వార్డు మొత్తానికి ఒక్కటే. దాని మీద మేము ఇంజెక్షన్ల ట్రే పెట్టుకునేవాళ్లం.

తల్లాడ పిల్లకు అప్పగించిన మంచం మీద గూడెం నుంచి వచ్చిన ఒక అవ్వ ఉండేది. చిన్న మనిషి, పిడికెడంత. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి జ్వరంతో వచ్చింది. జ్వరం తగ్గింది, దగ్గూ తగ్గింది, సెలైన్ తీసేశారు. ఇక ఇంటికి పంపేద్దామనుకుంటుండగా మనిషి వాడిపోవడం మొదలైంది. తిండి సగం తిని వదిలేసేది. నీళ్లిస్తే గుటకైనా వేయకుండా పెదవులు బిగించేది. ఆమె కూతురు పొద్దున, సాయంత్రం వచ్చి తల్లిని బయటికి తీసుకెళ్లి, నాలుగు ముద్దలు పెట్టి, మేకలనూ పిల్లలనూ చూసుకోవడానికి గూడేనికి వెళ్లిపోయేది. మధ్యలో మేమున్నాం కదా అని ఆమె ధీమా.

మొదటి రెండు రోజులు తల్లాడ పిల్ల ఆ మంచం దగ్గర ముళ్ల మీద నిలబడ్డట్టు నిలబడింది. పక్క తడిసిందని దుప్పటి మార్చమంటే మార్చింది, క్వార్టర్‌కు వెళ్లి వాళ్ల నాన్నకు ఫోన్ చేసి, వచ్చి తీసుకెళ్లమని ఏడ్చింది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఇంకో రోజు గడిచేసరికి అవ్వకు మాట తడబడింది. పొద్దున కూతురు వస్తే గుర్తుపట్టలేదు. వార్డులో లేని మేకలను అదిలిస్తోంది. డ్యూటీ డాక్టర్ కుర్రాడు, మంచివాడే. నాలుక చూశాడు, ఎండిన ఆకులా ఉంది. మళ్లీ సెలైన్ పెడదామంటే నరం దొరకలేదు, దొరికినచోట ఆమె పీకేసింది. "ఇక్కడ పెట్టుకుని లాభం లేదు మేడం. పెద్ద దవాఖానాకు రెఫర్ చేస్తాను. బండి మధ్యాహ్నానికి వస్తుంది" అన్నాడు.

కూతురు నా చేతులు పట్టుకుంది. "గంత దూరం తీస్కపోతే మా అమ్మ మల్ల రాదు సిస్టరమ్మా. ఈడ్నే చూడుండ్రి. ఇంట్ల మంచిగనే ఉండె, ఈడికొచ్చినంకనే గిట్లయ్యింది" అని ఏడ్చింది. చివరి మాట నాకు చెంపపెట్టులా తగిలింది. నిమ్ము తగ్గించి మతి పోగొట్టి పంపుతున్నామన్నమాట!

సరిగ్గా అప్పుడే వార్డు గుమ్మంలో మా ప్రిన్సిపాల్ ప్రత్యక్షమైంది. వెనక తెల్లచొక్కా వేసుకున్న బలమైన మనిషి. చూడగానే పోలిక తెలిసింది, తల్లాడ పిల్ల తండ్రి. పొద్దున్నే కాలేజీకి వెళ్లి గొడవ చేశాడట. ప్రిన్సిపాల్ చేసేదిలేక కారెక్కించుకుని తెచ్చింది. ఆవిడ నా వైపు చూసిన చూపుతోనే పోస్టింగ్ అయిపోయిందని అర్థమైంది.

"నమస్తే మేడం" అన్నాడు ఆయన. నమస్తేలోనే కోపముంది. "నా బిడ్డను నర్సు చెయ్యమని పంపిన. ఐసీయూ పని నేర్పుండ్రి, ఆపరేషన్ల కాడ నిలవెట్టుండ్రి. ముసలోళ్ల గుడ్డలు మార్చనీకి గింత దూరం అడివిలకు పంపాల్నా? ఇంట్ల మా అమ్మకే అది ఏనాడు గ్లాసు అందియ్యలే. ఏదీ, యాడుంది? తీస్కపోత."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిచాను గానీ, ఆ పిల్లే అడ్డం వచ్చింది.

"నాన్నా, జర ఆగు. ఇక్కడ పనుంది" అంది, తలైనా తిప్పకుండా.

రమ్మని ఫోన్ చేసి ఏడ్చింది ఈ పిల్లే కదా! ఆయన రెండడుగులు లోపలికి వేసి ఆగిపోయాడు.

ఆ పిల్ల అవ్వను మంచం అంచున కూర్చోబెట్టి, తడి గాజుగుడ్డతో ఆమె నోరు తుడుస్తోంది. ఎండిపోయిన నోటికి అలా చేయాలని నేనే నేర్పాను. గుడ్డ పెదవికి తగలగానే అవ్వ దాన్ని రెండు పెదవులతో పట్టుకుని చప్పరించింది. వదలలేదు. మళ్లీ తడిపి పెడితే మళ్లీ చప్పరించింది. గ్లాసు దగ్గరికి తేగానే పెదవులు బిగించి, మంచం అంచు నుంచి కిందికి చూసింది. కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. ఆ తర్వాత తలుపు వైపు చూసింది.

పిల్ల గ్లాసు పక్కన పెట్టి నా వైపు తిరిగింది. ముఖం ఎర్రబడింది.

"మేడం, ఈమెకు దాహం లేక కాదు. దిగలేక! తాగితే దిగాలె గదా. కాళ్లు అందుతలేవు, మనల్ని పిలవనీకి సిగ్గు, భాష రాదు. పొద్దుగాల, మాపటికి కూతురొస్తేనే పోతది. అందుకే నీళ్లు బంద్ చేసింది. నేను ఆ రోజు చాయ్ బంద్ చేసిన సూడండి, గట్లనే!"

పుస్తకంలోని పేజీలన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. నీళ్లు తగ్గితే పెద్దవాళ్లకు ముందు మతి తడబడుతుందని నేనెన్నిసార్లు చెప్పలేదు? ఎందుకు తాగడం లేదో మాత్రం మాలో ఎవరమూ అడగలేదు. కూతురు తల్లి మీదికి వంగి వాళ్ల భాషలో ఏదో అడిగింది. అవ్వ తడబడుతూ ఏదో గొణిగింది. "అవ్, కింద పడత అంటున్నది. బావిల పడత అంటున్నది" అంది కూతురు. ఆ మంచం పైనుంచి చూస్తే నేల అంత లోతుగా ఉంది కాబోలు.

"పరుపు కిందేద్దాం, బాత్రూం తలుపు పక్కన" అన్నాను.

ఇన్‌చార్జి సిస్టర్ గుండె పట్టుకుంది. "కింద పండవెడ్తరా? మీకేమన్న తెలుస్తున్నదా మేడం? ఎవడన్న ఫోన్ల ఫొటో తీసిండనుకోండి, 'దవాఖానాల మంచాల్లేవు, ముసలామెను నేల మీద పడేసిండ్రు' అని మాపటికల్లా జిల్లా అంతా తిరుగుతది. మీ పోస్టింగ్ పోతే ఇంకోటొస్తది. నా ఉద్యోగం పోతే ఎవరిస్తరు?"

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. అలాంటివి జరుగుతూనే ఉండేవి. డాక్టర్ కుర్రాడు నా వైపు, ఆమె వైపు చూసి, "ఆమె గుటక మంచిగనే వేస్తోంది. బండి వచ్చేదాకా ప్రయత్నించండి. కానీ నేల మీద మాత్రం వద్దు" అన్నాడు.

"నేల మీద వద్దు, గంత ఎత్తు వద్దు. అంతేనా?" వెనక నుంచి తండ్రి గొంతు వినబడింది. జవాబు కోసం ఆగకుండా బయటికి నడిచాడు. కోపమొచ్చి వెళ్లిపోయాడనుకున్నాను.

ఇంతలోనే వరండాలో కేకలు. ఆయన నులక మంచమొకటి నెత్తి మీద పెట్టుకుని లోపలికి వస్తున్నాడు. వెనకే దవాఖానా ఎదుటి టీ కొట్టు ఆసామి పరుగు. "అన్నా, అది నా మంచమే! అడగకుంట గట్ల ఎత్తుకపోతవేందన్నా!"

"నీ మంచం నేనేం తింటనా? మాపటికిస్త. రా, గా పక్క పట్టు" అన్నాడు ఈయన. టీ ఆసామి నిజంగానే పట్టాడు. తలుపు ఇరుకు. మంచం అడ్డం తిప్పి, నిలువు తిప్పి, ఇన్‌చార్జి సిస్టర్ మురిసిపోయే వరసను చెదరగొట్టి, బాత్రూం పక్కన దించారు. నులక మీద పరుపేసి, ముడత లేకుండా దుప్పటి పరిచింది ఎవరనుకున్నారు? ఆ ఇన్‌చార్జి సిస్టరే. గొణుక్కుంటూనే పరిచింది.

తండ్రే అవ్వను రెండు చేతులతో ఎత్తి దాని అంచున కూర్చోబెట్టాడు. ఆమె పాదాలు నేలకు ఆనాయి. ఒకసారి కిందికి చూసుకుంది. పాదాలు నేలకేసి టపటప కొట్టింది.

పిల్ల మొదట ఆమెను బాత్రూంకు నడిపించి తెచ్చింది. తర్వాత కూతురితో అంది, "మీ అమ్మకు చెప్పక్కా. ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు వస్తా. పిలవకపోయినా వచ్చి అడుగుతా." కూతురు చెప్పింది. అవ్వకు ఎంత అర్థమైందో తెలియదు గానీ, ఈసారి గ్లాసు పెదవికి ఆనిస్తే మూతి బిగించలేదు. కొంచెం కొంచెంగా తాగించింది. తాగి, కాసేపాగి, మళ్లీ గ్లాసు కోసం చేయి చాపింది. నాకు కళ్లు చెమర్చాయి. కళ్లజోడు తుడుచుకుంటున్నట్టు నటించాను.

బండి వచ్చింది. డాక్టర్ కుర్రాడు బయటికి వెళ్లి డ్రైవర్‌తో ఏదో మాట్లాడాడు. బండి ఇంకెవరినో ఎక్కించుకుని వెళ్లింది.

మర్నాటికల్లా అవ్వ లేచి పరుగెత్తిందని చెబితే మీరు నమ్మకండి. మర్నాడు కూడా మేకలను ఒకటి రెండుసార్లు అదిలించింది. ఆ తర్వాతి పొద్దున మాత్రం కూతురిని పేరు పెట్టి పిలిచి, ఇంటి దగ్గర మేకలను ఎవరు విడుస్తున్నారని నిలదీసింది. తర్వాత మంచాన్ని చేత్తో నొక్కి చూసి, కూతురితో ఏదో అంది.

"ఏమంటోంది?" అనడిగాను.

"నులక వదులైందట. బిగియ్యమంటున్నది" అంది కూతురు, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేస్తూ. టీ ఆసామే వచ్చి బిగించాడు. ఆయన కొట్టు ముందు కూర్చునేవాళ్లు అన్ని రోజులూ బండరాయి మీదే కూర్చుని చాయ్ తాగారు.

మళ్లీ ఆ మధ్యాహ్నానికే వస్తాను. తండ్రి వెళ్లడానికి లేచాడు. కూతురి బ్యాగు గురించి అడగలేదు. ప్రిన్సిపాల్, నేను కారు దాకా వెళ్లాం. ఆయన డోరు పట్టుకుని నిలబడ్డాడు, ఎక్కలేదు.

"మేడం" అన్నాడు చివరికి. ఇందాకటి గొంతు కాదది. "మా అమ్మ గుడ పొద్దుగూకితే చుక్క నీళ్లు ముట్టది. మందుబిళ్ల గుడ వట్టిగనే మింగుతది. మేం ముసల్దాని మొండితనం అనుకున్నం. నేనే మస్తుసార్లు కసిరిన."

"ఆమె మంచం ఎత్తెంత?" అనడిగాను.

చేత్తో చూపించబోయి మధ్యలో ఆపేశాడు. తల వంచుకుని కారెక్కాడు.

ప్రిన్సిపాల్ అద్దం దించి, "మేడం, ముసలోళ్ల పోస్టింగ్ వచ్చే ఏడాది ఏ నెలల పెడదాం? ఎండాకాలం మాత్రం వద్దు" అంది. అదీ ఆవిడ పద్ధతి. ఒక్క పొగడ్త ఉండదు, పని మాత్రం అయిపోతుంది. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా ఏ ఏడూ ఆ పోస్టింగ్ ఆగలేదు, మా కాలేజీలో ఇప్పటికీ ఆగలేదు. ఇన్‌చార్జి సిస్టర్ ట్రే కింది మెట్టు స్టూలును విడిపించింది, ఇంకొన్ని తెప్పించుకుంది. పొట్టి మంచం ఒకటి వార్డులోనే ఉంచుకుని, దాని దుప్పటికీ ముడత రానిచ్చేది కాదు.

పోస్టింగ్ అయిపోయి కాలేజీకి తిరిగొచ్చాక ఒక సోమవారం తల్లాడ పిల్ల ఇంటి నుంచి వచ్చింది. బరువైన గోనెసంచి తెచ్చి నా బల్ల మీద దడాలున పెట్టింది. మిరపకాయలేమోనని ఆశపడ్డాను. మూతి విప్పితే నాలుగు టేకు ముక్కలు. నున్నగా, నగిషీ చెక్కినవి. ఒక పక్క మాత్రం రంపం కోత పచ్చిగా ఉంది.

"ఏంటే ఇవి?"

"మా నాయనమ్మ మంచం కాళ్లు మేడం. నాన్న కోసిండు. ల్యాబ్‌ల పెట్టమన్నడు, పిల్లలకు చూపెట్టనీకి."

"అయ్యో రామా! మీ నాయనమ్మ ఊరుకుందా?"

"ఊకుంటదా? పెండ్లి మంచం కోస్తవా కొడకా అని వాడకట్టంతా వినబడేటట్టు తిట్టింది" అంది ఆ పిల్ల. "తిట్టి తిట్టి అలసిపోయి, మంచం మీద కూసొని, కాళ్లు కింద పెట్టి, చెంబెడు నీళ్లు తాగింది. అప్పటికే పొద్దుగూకింది మేడం."